ఫిట్స్ మాత్ర పడటం లేదా? ముందు ‘ఎప్పుడు’ అని అడగండి

మన ఇళ్లలో మందు మీద తీర్పు ఒక్క ముక్కలో తేలిపోతుంది: "ఆ గోలీ నాకు పడలేదు." జలుబు మాత్ర పడలేదంటే పోయేదేమీ లేదు, ఇంకోటి తెచ్చుకుంటాం. ఫిట్స్ మాత్ర పడలేదని మన అంతట మనమే ఆపేస్తే మాత్రం, అణిగి ఉన్న ఫిట్స్ ముందుకంటే గట్టిగా తిరగబడొచ్చు. అందుకే ఈ "పడలేదు" అనే మాటను కాస్త విప్పి చూడాలి. దాని లోపల వేర్వేరు సంగతులు చిక్కుపడి ఉంటాయి. ఒకటి, రెండు మూడు వారాలు ఓపిక పడితే పోయేది. ఒకటి మాత్ర రకం మారిస్తే పోయేది. ఇంకోటి ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సింది. అన్నిటికీ మనం వాడే మాట మాత్రం అదే.

ఏడేళ్ల కిందట నేనూ అదే మాట అన్నాను. ఫిట్స్‌కు కార్బమాజెపైన్ అనే మందు మొదలుపెట్టి మూడో నెల. "సార్, ఈ మాత్ర పడట్లేదు. ఒకటి రెండుగా కనిపిస్తోంది" అన్నాను. డాక్టర్ కాగితంలోంచి తల ఎత్తకుండానే "ఎప్పుడు?" అని అడిగాడు. "ఎప్పుడూ" అన్నాను. అప్పుడు తలెత్తాడు. "ఎప్పుడూ అయితే ఒక్కడివే ఇక్కడిదాకా ఎట్ల వచ్చినవ్? పో, రెండు వారాలు టైమ్ రాసుకొని రా."

చిన్నబుచ్చుకున్నాను. అయినా రాశాను. అమ్మ పాల లెక్కల పుస్తకం వెనక పేజీలు. పొద్దున 8, మాత్ర. 11.10, అమీర్‌పేట మెట్రో, ఎస్కలేటర్ మెట్టు అంచు రెండు గీతలుగా ఉంది, రైలింగ్ పట్టుకున్నా. 1 గంటకు తగ్గింది. సాయంత్రం ఏమీ లేదు. మర్నాడు మాత్ర 8.20కి, రెండు గీతలు 11.30కి. పద్నాలుగు రోజుల్లో పదకొండు రోజులు ఇదే వరస. "ఎప్పుడూ" అనుకున్నది నిజానికి రోజుకు రెండు గంటలు.

డాక్టర్ ఆ పేజీ చూసి మందు మార్చలేదు, డోసు తగ్గించలేదు. మామూలు మాత్ర తీసేసి, అదే మందు, అన్నే మిల్లీగ్రాములు, సీఆర్ (నిదానంగా కరిగే) రకం రాశాడు. వారంలో ఎస్కలేటర్‌కు ఒక్కటే అంచు మిగిలింది.

లోపల జరిగింది ఇంతే. మామూలు మాత్ర త్వరగా కరిగి రక్తంలో చేరుతుంది. కొన్ని గంటల్లో మందు మోతాదు కొండెక్కి, తర్వాత దిగుతుంది. ఒంటి నిలకడనూ కళ్ల కదలికనూ చూసుకునే చిన్నమెదడు ఆ కొండ కొస దగ్గర తడబడుతుంది. సీఆర్ మాత్ర మందును కొద్దికొద్దిగా వదులుతుంది కాబట్టి కొండ కాస్తా గుట్ట అవుతుంది. ఫిట్స్‌ను ఆపడానికి ఆ గుట్ట చాలు. అందుకే తల తిరగడం, చూపు చెదరడం, చేయి వణకడం లాంటివి వచ్చినప్పుడు మాత్రకూ దానికీ మధ్య ఎన్ని గంటలున్నాయో చూడాలి. గంటలు కుదిరితే మందు మంచిదే, అది వచ్చే తీరు మార్చాలి. రోజంతా ఒకేలా ఉంటే మొత్తం డోసే ఎక్కువై ఉండాలి, లేదా కొత్తగా వేరే మందేదో మధ్యలో దూరి ఉండాలి.

మొదటి వారాల మగత వేరే కథ. ఫిట్స్ మందులన్నీ ఏదో ఒక దారిలో మెదడులోని విద్యుత్ హడావిడిని తగ్గించేవే. దాంతో మెదడు మొత్తం కాస్త మబ్బుగా ఉంటుంది. చాలామందికి రెండు మూడు వారాల్లో ఈ మబ్బు పలచబడుతుంది. కార్బమాజెపైన్‌లో ఇంకో విచిత్రం ఉంది: దాన్ని విరగ్గొట్టే పనిని లివర్‌కు అదే నేర్పుతుంది. నెల తిరిగేసరికి అదే డోసుకు రక్తంలో మందు మొదట్లో ఉన్నంత ఉండదు. కాబట్టి మొదటి వారం మగతను చూసి జీవితమంతా ఇలాగేనని బెంగపడటం తొందరపాటు. అయితే అందరికీ పోతుందని కూడా చెప్పలేం. గార్డినాల్ పేరుతో మనకు తెలిసిన ఫినోబార్బిటోన్ 1912 నుంచి వాడుకలో ఉంది, చవక, ఫిట్స్ మీద బాగానే పనిచేస్తుంది. కానీ దాని మగత కొందరిని వదలదు, కొందరు పిల్లల్ని మందకొడిగా కాకుండా తిరగబడి చిరచిరలాడేలా చేస్తుంది. క్లోబజామ్ కూడా నిద్ర మబ్బు పెట్టేదే. రాత్రి పూట డోసు పెంచి పొద్దుటిది తగ్గించడం డాక్టర్లు తరచూ చేసే సర్దుబాటు. మనం చేయగలిగింది, ఆ వారాల్లో బండి నడపకపోవడం. మగత పోవడానికి సాయంత్రం ఆరు తర్వాత చాయ్ మీద చాయ్ తాగడం నా పాత అలవాటు. దాంతో రాత్రి నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే ఫిట్స్‌కు దారి ఇచ్చినట్టే. మర్నాడు మగత రెట్టింపు అవుతుంది, నింద మాత్ర మీద పడుతుంది.

ఇక ఎప్టాయిన్ పేరుతో ఎక్కువమందికి తెలిసిన ఫెనిటోయిన్. ఇది 1938 నాటి మందు. దీన్ని అర్థం చేసుకోవడానికి హైదరాబాద్ వాన ఒక్కటి చూస్తే చాలు. నాలాలో జాగా ఉన్నంతసేపు ఎంత కురిసినా లాగేసుకుంటుంది. నాలా నిండిన తర్వాత ఇంకో పావుగంట కురిస్తే చాలు, బస్తీలో మోకాళ్ల దాకా నీళ్లు. ఫెనిటోయిన్‌ను విరగ్గొట్టే లివర్ ఎంజైమ్‌లకూ ఒక హద్దు ఉంది. ఆ హద్దు దగ్గరికి వచ్చాక డోసు కాస్త పెంచినా రక్తంలో మోతాదు ఎగిరిపడుతుంది. మిల్లీలీటరు రక్తంలో 10 నుంచి 20 మైక్రోగ్రాములు దాని మామూలు పరిధి. 20 దాటితే కనుగుడ్లు ఉలికిపడ్డట్టు కదలడం, 30 దాటితే తాగినవాడిలా నడక తూలడం, ఇంకా పైకి పోతే అయోమయం. అందుకే అనుభవం ఉన్న డాక్టర్ ఈ మందును 100 మిల్లీగ్రాముల చొప్పున కాక 50 చొప్పునో అంతకన్నా తక్కువో పెంచుతాడు. "నిన్న రెండు మర్చిపోయాను కదా" అని ఇవాళ నాలుగు వేసుకోవడం ఏ మందుతోనూ మంచిది కాదు, దీనితో అసలే కాదు. రక్తంలో మందు ఎంతుందో చూసే పరీక్షకు వెళ్లేవాళ్లు పొద్దుటి మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి, మాత్ర వెంట తీసుకెళ్లాలి. వేసుకున్నాక ఇస్తే కొండ కొలతే వస్తుంది, అడుగు ఎక్కడుందో తెలియదు.

అన్నిట్లోకీ ప్రమాదమైనది ఒంటి మీది దద్దుర్లు. దీన్ని ఇంకో పేరుతో పిలవడం మన దగ్గర పెద్ద చిక్కు. జ్వరం వచ్చి ఒళ్లంతా ఎర్రగా పేలితే "అమ్మవారు పోసింది" అంటారు. వేపమండ కట్టి, మందులన్నీ ఆపి, ఆసుపత్రికి తీసుకుపోకుండా ఇంట్లోనే పడుకోబెడతారు. కార్బమాజెపైన్, ఫెనిటోయిన్, ఫినోబార్బిటోన్, లామోట్రిజిన్, ఆక్స్‌కార్బజెపైన్ లాంటివి మొదలుపెట్టిన మొదటి రెండు నెలల్లో వచ్చే దద్దుర్లను అమ్మవారి ఖాతాలో వేయకూడదు. చాలావరకు అది మామూలు అలర్జీయే కావచ్చు. కానీ దద్దుర్లతో పాటు జ్వరం, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం, మొహం ఉబ్బడం, చర్మం బొబ్బలెక్కి ఊడటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ కావచ్చు, లేదా లివర్ వరకూ పాకే డ్రెస్ అనే జబ్బు కావచ్చు. రెండూ ప్రాణం మీదికి వచ్చేవి. ఇక్కడ వేళలు రాసుకుంటూ కూర్చోకూడదు, ఉస్మానియానో గాంధీనో దగ్గర్లో ఉన్న ఇంకేదో, అర్ధరాత్రి అయినా ఎమర్జెన్సీకి పోవాలి. వాడుతున్న స్ట్రిప్పు చేతిలో ఉండాలి. మందు ఆపడం, దాని బదులు ఇంకోటి ఇవ్వడం అక్కడే జరిగిపోతాయి.

కార్బమాజెపైన్ విషయంలో హెచ్‌ఎల్‌ఏ బి 1502 అనే జన్యువు ఉన్నవాళ్లకు ఈ ముప్పు చాలా ఎక్కువ. భారతీయుల్లో ఇది సగటున 2 నుంచి 4 శాతం మందిలో ఉంటుందని అమెరికాలో ఆ మందు లేబుల్ మీదే రాసి ఉంటుంది. మొదలుపెట్టే ముందు ఆ రక్తపరీక్ష అవసరమా అని అడగడం తప్పేమీ కాదు. లామోట్రిజిన్‌ను వారాల తరబడి చీమ నడకలా పెంచేదీ ఈ దద్దుర్ల భయంతోనే. వాల్ప్రోయేట్ అనే ఇంకో ఫిట్స్ మందు కూడా వాడుతున్నవాళ్లలో, రక్తంలో లామోట్రిజిన్ మోతాదు దాదాపు రెట్టింపు అవుతుంది, కాబట్టి వాళ్లకు ఇంకా నెమ్మది. ఒకసారి దద్దుర్లు వచ్చినవాళ్లు ఆ మందు పేరు ఓపీ చీటీ పైన ఎర్ర పెన్నుతో రాయించుకోవాలి. ఆ మందు కుటుంబంలోని మరో మందు కూడా అదే పని చేయొచ్చు.

ఒంటి మీద ఏ మచ్చా లేకుండా వచ్చేది ఒకటుంది. అది వాడేవాళ్ల కంటే ఇంట్లోవాళ్లకు ముందు కనబడుతుంది. రెండేళ్ల కిందట వైరల్ జ్వరంలో నాకు మళ్లీ ఫిట్స్ వస్తే లెవెటిరాసెటమ్ అనే మందు కలిపారు. ఫిట్స్ ఆగాయి. నెల తిరక్కముందే అమ్మ అంది: "ఈ కొత్త గోలి వేస్తున్నకాన్నుంచి ముక్కు మీదనే ఉంటున్నది కోపం. మాట్లాడాలంటే భయమైతున్నది బిడ్డా." నేను నమ్మలేదు. నా లెక్కన కోపం రావడానికి ప్రతిసారీ సరైన కారణం ఉంది: ఆఫీసు, ట్రాఫిక్, వంటలో ఉప్పు. లెవెటిరాసెటమ్ తెచ్చే చిరాకు ఇలాగే ఉంటుంది. లోపలున్నవాడికి అది మందులా అనిపించదు, న్యాయంగానే అనిపిస్తుంది. పాల పుస్తకంలో ఈసారి రాసింది అమ్మ. "మంగళారం, అన్నం గిన్నె విసిరిండు." ఆ వాక్యం డాక్టర్ ముందు చదవాల్సి వచ్చినప్పుడు నా గొంతు సరిగ్గా పెగల్లేదు.

డోసు తగ్గించారు, చిరాకు సగానికి దిగింది. కొందరికి బి6 విటమిన్ కలుపుతారు. దానికి ఆధారాలు గట్టివి కావు, పెద్ద డోసులో ఏళ్ల తరబడి వాడితే నరాలకే చేటు. కొందరికి బ్రివరాసెటమ్ అనే మందుకు మారిస్తే తేలిక అవుతుంది. అంతకుముందే డిప్రెషన్ ఉన్నవాళ్లు ఆ సంగతి దాచకుండా చెబితే డాక్టర్ మొదటే వేరే మందు ఎంచుకుంటాడు. అమెరికా ఔషధ సంస్థ 2008లో 11 ఫిట్స్ మందుల మీద జరిగిన 199 పరీక్షలను కలిపి చూసింది. ఆత్మహత్య ఆలోచనలు గానీ ప్రయత్నాలు గానీ, మందు వాడినవాళ్లలో 1000కి సుమారు నలుగురికి, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో సుమారు ఇద్దరికి కనిపించాయి. సంఖ్య చిన్నదే. కానీ ఆ ఇద్దరు ఎవరో ముందుగా తెలియదు కాబట్టి ఇంట్లోవాళ్లు కన్నేసి ఉంచాలి. అలాంటి ఆలోచన వస్తే అదే రోజు డాక్టర్‌కు చెప్పాలి. రాత్రి వేళ మాట్లాడే మనిషి కావాలంటే టెలీ మానస్ 14416కి తెలుగులోనే ఫోన్ చేయొచ్చు.

నిదానంగా వచ్చేవాటికి వేళ రాసుకున్నా దొరకదు, వాటికి క్యాలెండర్ కావాలి. ఫెనిటోయిన్ ఏళ్ల తరబడి వాడితే చిగుళ్లు పెరిగి పళ్ల మీదికి వస్తాయి. పళ్లు శుభ్రంగా ఉంచుకుంటే తగ్గుతుంది, అయినా ఆరు నెలలకోసారి పళ్ల డాక్టర్‌కు చూపించి, ఏ మందు వాడుతున్నామో చెప్పాలి. ఫెనిటోయిన్, కార్బమాజెపైన్, ఫినోబార్బిటోన్ మూడూ విటమిన్ డి త్వరగా ఖర్చయ్యేలా చేసి ఎముకల్ని గుల్ల చేయొచ్చు. గర్భనిరోధక మాత్రల బలాన్నీ తగ్గిస్తాయి, ఈ మాట పెళ్లయిన ఆడవాళ్లకు ఎవరూ చెప్పరు. పెద్దవాళ్లలో కార్బమాజెపైన్, అంతకన్నా ఎక్కువగా ఆక్స్‌కార్బజెపైన్, రక్తంలో సోడియం తగ్గిస్తాయి. బీపీకి నీటి మాత్ర (మూత్రం ఎక్కువ పోయించేది) కూడా వాడుతూ, చప్పిడి కూర తినే డెబ్బై ఏళ్ల తాత ఉన్నట్టుండి మతిమరుపుగా, తూలుతూ ఉంటే "వయసు" అని వదిలేయకండి. సోడియం 135 కంటే ఎంత దిగిందో ఒక చిన్న పరీక్షతో తేలుతుంది.

వాల్ప్రోయేట్ గురించి మాత్రం వివరంగా చెప్పాలి. బరువు పెరగడం, జుట్టు రాలడం, చేతులు సన్నగా వణకడం దీనితో మామూలు. రాలిన జుట్టు చాలావరకు తిరిగి వస్తుంది, కొందరికి ఉంగరాలు తిరిగి మరీ వస్తుంది. అసలు సంగతి గర్భం. ఈ మందు వాడుతుండగా కడుపు పండితే 100 మంది బిడ్డల్లో సుమారు 10 మందికి పుట్టుకతో లోపాలు ఉంటాయి. మామూలుగా ఇది 2, 3కి మించదు. 100కి 30 నుంచి 40 మంది పిల్లలకు మాట, చదువు, బుద్ధి వికాసంలో ఇబ్బందులు రావొచ్చు. 2018లో బ్రిటన్, గర్భం రాకుండా జాగ్రత్త ఏర్పాటు ఉంటే తప్ప పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లకు ఇది రాయకూడదని నియమం పెట్టింది.

మా వదినకు ఇది నాలుగేళ్లు రాశారు ఒక క్లినిక్‌లో. పెళ్లి మాటలు నడుస్తున్నాయని తెలిసి కూడా ఒక్కరూ ఈ సంగతి ఎత్తలేదు. వదినా అడగలేదు, ఎందుకంటే మాత్ర సంగతి అత్తింట్లో తెలియకూడదని పుట్టింటివాళ్ల ఒట్టు. మూర్ఛ ఉంటే పెళ్లి చెల్లదనే అడ్డు హిందూ వివాహ చట్టంలోంచి 1999లోనే తీసేశారు, మన ఇళ్లలోంచి ఇంకా తీయలేదు. చీర మడతల్లో దాచిన స్ట్రిప్పు గురించి ఏ డాక్టర్‌ను అడుగుతుంది? చివరికి అన్నయ్యకు చెప్పింది, ఇద్దరూ పంజాగుట్టలో ఒక న్యూరాలజిస్టును కలిశారు, ఆరు నెలలు పట్టి మందు మార్చారు. ఆ తర్వాతే కడుపుతో ఉంది. ఇది చదివి ఎవరూ ఇవాళ రాత్రి వాల్ప్రోయేట్ మానేయొద్దు. కడుపుతో ఉండగా పెద్ద ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకూ ముప్పే. పిల్లల ఆలోచన రాకముందే డాక్టర్‌తో మాట్లాడి, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టి, మెల్లగా మారాలి.

ఏప్రిల్, మే ఎండల్లో ఇంకో రెండు పేర్లు గుర్తుంచుకోవాలి: టోపిరమేట్, జోనిసమైడ్. ఇవి చెమటను తగ్గిస్తాయి, ముఖ్యంగా పిల్లల్లో. నలభై దాటిన ఎండలో క్రికెట్ ఆడి వచ్చిన పిల్లాడు చెమట లేకుండా, ఎర్రగా కాలిపోతూ ఉంటే అది వడదెబ్బ వైపు పోతున్నట్టు. నీడ, తడిగుడ్డ, నీళ్లు, తర్వాత డాక్టర్. ఈ మందులతో కిడ్నీలో రాళ్లూ రావొచ్చు కాబట్టి నీళ్లు ఏడాదంతా కావాలి. టోపిరమేట్ వాడేవాళ్లకు నాలుక చివరి మాట అందకపోవడం, వేళ్లలో చీమలు పాకడం కూడా ఉంటాయి. పరీక్షలు రాసే విద్యార్థికి మొదటిది చిన్న సంగతి కాదు.

నా లెక్కలో సగం ఇబ్బందులు మెడికల్ షాపు దగ్గరే పుడతాయి. "అదే కంపోజిషన్ అన్నా" అని వేరే కంపెనీది ఇస్తారు. మందు అదే అయితే చాలామందికి తేడా పడదు. కానీ సీఆర్ బదులు మామూలుది ఇస్తే నా ఎస్కలేటర్ మళ్లీ రెండు గీతలవుతుంది. మందు నిదానంగా వదులుతుందని చెప్పే సీఆర్, ఈఆర్, క్రోనో లాంటి తోకలు స్ట్రిప్పు మీద పేరు పక్కన ఉంటాయి, అవి చూసుకుని తీసుకోవాలి. అలాంటి మాత్రల్ని పొడి చేయకూడదు. గొంతు నొప్పికి క్లారిత్రోమైసిన్ ఇస్తే కార్బమాజెపైన్ రక్తంలో పేరుకుపోతుంది, మూడో రోజుకు తూలుడు మొదలవుతుంది. టీబీ మందు ఐసోనియాజిడ్ ఫెనిటోయిన్‌ను పెంచుతుంది. నొప్పికి ఇచ్చే ట్రమడాల్ ఫిట్స్‌నే రెచ్చగొడుతుంది. అందుకే "నేను ఫిట్స్ మందు వాడతాను" అనే మాట కౌంటర్ దగ్గర నలుగురు వింటున్నా చెప్పాలి. ఇంకొకటి: వానాకాలం తేమకు కార్బమాజెపైన్ మాత్ర గట్టిపడి, మూడో వంతు దాకా బలం కోల్పోగలదు. వారం మాత్రలన్నీ డబ్బీలో పోసి వంటింటి కిటికీలో పెట్టే అలవాటు నాది, అది మానేశాను.

రంజాన్ నెలలో రోజా ఉండేవాళ్లు, శివరాత్రికి జాగారం చేసేవాళ్లు ముందే డాక్టర్‌ను కలవాలి. సెహ్రీకి, ఇఫ్తార్‌కు సరిపోయేలా కొన్ని మందుల్ని సర్దొచ్చు, అన్నిటినీ సర్దలేరు. పోయిన నిద్రను ఏ మాత్రా సర్దలేదు.

తట్టుకోవడం వేరు, నోరు మూసుకుని భరించడం వేరు. 2000లో వచ్చిన ఒక పేరున్న అధ్యయనంలో, కొత్తగా మూర్ఛ తేలినవాళ్లలో 47 శాతం మందికి మొదటి మందుతోనే ఫిట్స్ ఆగాయి. 13 శాతం మందికి రెండోదానితో. అంటే మొదటిది నిజంగానే పడకపోయినా దారి మూసుకుపోదు, ఇవాళ ఇరవైకి పైగా మందులున్నాయి. కొత్త రకం ఇబ్బంది ఎదురైతే దేశవ్యాప్తంగా మందుల చెడును నమోదు చేసే 1800 180 3024 నంబరుకు రోగులే ఫోన్ చేసి చెప్పొచ్చు.

పెద్దాసుపత్రి ఓపీలో పొద్దున టోకెన్ కోసం గంటలు నిలబడితే డాక్టర్ దగ్గర దొరికేది నాలుగైదు నిమిషాలు. నేను ఒకే కాగితం మీద రాసి తీసుకెళ్తాను: మాత్రల పేర్లు తోకలతో సహా, ఇబ్బంది ఎప్పుడు వస్తోంది, ఎంతసేపు, ఈ మధ్య వేసుకున్న వేరే మందులు, ఫిట్స్ వచ్చిన తేదీలు, మర్చిపోయిన మాత్రలు. చివరి గడిలో ఒకసారి అబద్ధం రాశాను. స్నేహితుడి పెళ్లికి వరంగల్ పోయి మూడు పూటలు మర్చిపోయి, తిట్లు తినలేక సున్నా వేశాను. ఆ వారమే ఫిట్స్ వచ్చింది కదా, మందు చాలట్లేదనుకుని డాక్టర్ డోసు పెంచాడు. రెండు నెలలు పొద్దున పదకొండింటికి కంప్యూటర్ మీద అక్షరాలు జంటలుగా నడిచాయి. మళ్లీ వెళ్లి సున్నా కొట్టేసి మూడు అని రాసిచ్చాను. ఆయన కాగితం చూశాడు, నన్ను చూశాడు, తిట్టాడు, పాత డోసే రాశాడు.